బుల్లెట్ మూతి సాగదీసే ముందు నేల మీద గీయండి

మా షెడ్డు అనంతపురంలో బళ్లారి రోడ్డు పక్కన. ట్రాలీల ఇరుసులు, ఇళ్ల గేట్లు, శెనక్కాయల మిషన్లకు జల్లెడలు, ఇవీ నా పనులు. ఛాపర్లు, అంటే ముందర చక్రం దూరంగా పోయేలా వాల్చిన మోటారు సైకిళ్లు, కట్టడం నా వృత్తి కాదు. కానీ ఏడాదికి ఇద్దరు ముగ్గురు పిల్లోళ్లు ఫోన్లో బొమ్మ చూపిస్తా వస్తారు. "అన్నా, ముందర చక్రం ఇట్ల దూరంగా పోవల్ల. రెండు గంటల పనే కదా?"

కోయడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలకు ముందు రెండు రోజుల కొలతలుండాల. మొదటిసారి నేను ఆ రెండు రోజులూ ఎగ్గొట్టినా. రుద్రంపేట పిల్లోడొకడు పాత బుల్లెట్ తెస్తే నెక్ (చాసీ ముందర హ్యాండిల్ ఇరుసు తిరిగే గొట్టం) కోసి, కంటికి బాగున్నంత వరకు ముందుకు వాల్చి, వెల్డింగ్ కొట్టి పంపించేసినా. మూడో రోజు టవర్ క్లాక్ దగ్గర మెల్లగా మలుపు తిప్పుతుంటే హ్యాండిల్ దానంతటదే లోపలికి మడుచుకుని బండి పక్కకు ఒరిగింది. స్పీడు లేదు కాబట్టి క్లచ్ లివరు, మోకాలి చర్మం, ఇంత పరువు, అంతే పోయినాయి. తిరిగి తెచ్చుకుని కొలిస్తే తెలిసింది నేను చేసిన ఘనకార్యం. ఆ అంకెలు ముందుకు చెప్తా.

పోయినేడు మా అక్క కొడుకు వచ్చినాడు. బెంగళూరు హైవే మీద వాడికి ధాబా ఉంది. దాని ముందర ఒక ఛాపర్ నిలబెట్టాలంట. "నడపడానికి కాదు మామా, ఊరికే చూపుకి." ఇంజను ఉన్న బండిని ఊరికే నిలబెడతానని ఎవరన్నా అంటే నేను నమ్మను. ఎవడో ఒకడు రాత్రి పది దాటినాక కిక్కు కొట్టే తీరతాడు. అందుకే చూపుకి చేసినా నడిచే బండిలాగే లెక్క కట్టి చేసినా.

కాగితాల సంగతి ముందు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడు చట్టాన్ని సవరించి 182ఏ సెక్షన్‌ను మార్చినారు. దాని ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయలు జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, రెండూ పడినా పడొచ్చు. దీనికి తోడు మన బండ్లలో చాసీ నంబరు చాలావాటికి నెక్ మీదనే కొట్టి ఉంటుంది. దాని మీద గ్రైండర్ ఆడిస్తే అది ఇంక మాడిఫికేషన్ కిందికి రాదు, దొంగబండి లెక్కలోకి పోతుంది. మావాడి బండికి ముందే రిజిస్ట్రేషన్ రద్దు చేయించినాం, నంబరు ఉన్న చోటు ముట్టలేదు, అది రోడ్డెక్కదు. రోజూ తిరగడానికి ఆ వాలు కావాలంటే కంపెనీ వాళ్లే వాల్చి పంపిన అవెంజర్ లాంటి క్రూజర్ బండి కొనుక్కోండి. సీటు, హ్యాండిల్, టైరు రంగులతో సగం మోజు తీరిపోతుంది. అట్లా వచ్చినవాళ్లకు నేను టీ తాపించి పంపిస్తా, నెక్ మాత్రం ముట్టను.

ఇంక పనిలోకి వస్తాం. రేక్ అంటే హ్యాండిల్ తిరిగే ఇరుసు నిట్టనిలువు గీత నుంచి ఎంత వెనక్కి వాలిందో ఆ కోణం. మామూలు బండ్లకు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటుంది, క్రూజర్లలో చాలావాటికి 30 దాటుతుంది, ఛాపర్లకు 35 నుంచి 45 దాకా పోతారు. అందరూ చూసేది ఈ కోణాన్నే. బండిని నడిపించేది, పడేసేది మాత్రం ట్రెయిల్. ఆసుపత్రి స్ట్రెచర్ చక్రం చూసినారా? తిరిగే కడ్డీ ముందు, నేలకు తగిలే చోటు వెనక. అందుకే నెట్టిన దిక్కుకు అదే తిరుక్కుంటుంది. బండికీ అంతే. హ్యాండిల్ ఇరుసును గీతలాగా నేల దాకా పొడిగిస్తే అది ఒక చోట తగులుతుంది. టైరు నేలకు ఆనే చోటు దానికి కొంచెం వెనక ఉంటుంది. ఈ రెండింటి మధ్య దూరమే ట్రెయిల్. అది తక్కువైతే స్పీడులో తల వణుకుతుంది. ఎక్కువైతే తిన్నగా పోయేటప్పుడు రైలు మాదిరి పోతుంది గానీ, మలుపులో మెల్లగా తిప్పితే తల బరువెక్కి ఒక పక్కకు పడిపోతుంది. టవర్ క్లాక్ దగ్గర జరిగింది ఇదే.

కొలవడానికి పెద్ద సామాను అక్కర్లేదు. టైర్లలో గాలి సరిగ్గా పెట్టి, బండిని చదునైన సిమెంటు నేల మీద నిటారుగా నిలబెట్టండి. సైడ్ స్టాండ్ మీద వద్దు. రెండు పక్కల ఇద్దరు మనుషులు పట్టుకుంటే మేలు. రసమట్టంతో నేలను రెండు దిక్కులా చూడండి. మా షెడ్డు నేల ఒక పక్క అంగుళం వాటంగా ఉందని నాకు తెలిసింది ఆ రోజే, పన్నెండేళ్ల తర్వాత. ముందర చక్రం ఇరుసు మధ్య నుంచి తాపీ మేస్త్రీల గుండు వదిలి నేల మీద చుక్క పెట్టండి. చాలా బండ్లలో ఫోర్కు పైపులు (ముందర చక్రాన్ని పట్టే రెండు పైపులు) నెక్‌కు సమాంతరంగానే ఉంటాయి కాబట్టి పైపు మీద డిజిటల్ యాంగిల్ గేజ్ పెడితే రేక్ తెలుస్తుంది. తర్వాత ఆఫ్‌సెట్. నెక్‌లో తిరిగే స్టెమ్‌కు ఫోర్కు పైపులను కలిపి పట్టే బ్రాకెట్‌ను టీ అంటాం. ఆ టీ మీద స్టెమ్ మధ్య నుంచి, రెండు ఫోర్కు పైపుల మధ్యలను కలిపే గీత ఎంత ముందుకుందో ఆ దూరం. దీన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ, లెక్క తప్పేది కూడా ఇక్కడే.

లెక్క ఇదీ. ముందర చక్రం వ్యాసార్ధాన్ని రేక్ కోణం సైన్‌తో గుణించండి. అందులోంచి ఆఫ్‌సెట్ తీసేయండి. మిగిలినదాన్ని అదే కోణం కొసైన్‌తో భాగిస్తే ట్రెయిల్. నాకు సైన్లూ కొసైన్లూ పదో తరగతితోనే వదిలిపోయినాయి. ఇంటర్ చదివే మా అమ్మాయి ఫోన్లో కొడుతుంటే నేను రాసుకున్నా. "నాన్నా, పరీక్షలో కూడా ఇంత లెక్క రాలేదు" అనింది.

మావాడి బండికి 19 అంగుళాల చక్రం. టైరుతో కలిపి వ్యాసార్ధం 325 మిల్లీమీటర్లు వచ్చింది. నేను కొలిచిన రేక్ 27 డిగ్రీలు, ఆఫ్‌సెట్ 50. ట్రెయిల్ 109. ఇది కంపెనీ సమతూకం, చెడగొట్టకూడదు. ఇప్పుడు రుద్రంపేట బండి చూడండి. పాత టీ అట్లే ఉంచి నెక్ 38 డిగ్రీలకు వాల్చినా. ట్రెయిల్ 190! తల పక్కకు పడే గుణం రెండింతలు దాటిపోయింది. పిల్లోడు పడక ఏం చేస్తాడు.

మరి 38 డిగ్రీల వాలు కావాలి, ట్రెయిల్ పాతదే ఉండాలి. దీనికి దారి రేక్ ఉన్న టీ. అంటే నెక్ ఒక కోణంలో ఉంటే ఫోర్కు పైపులు దానికన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువ ముందుకు పోయేలా రంధ్రాలు వాలుగా తీసిన టీ. పైపులు ముందుకు పోతే చక్రం ఇరుసు కూడా ముందుకు జరుగుతుంది, కాబట్టి ట్రెయిల్ తగ్గుతుంది. నెక్ 35కి వాల్చి టీలో 3 డిగ్రీలు పెడితే పైపులు 38లో నిలుస్తాయి. పైపు పొడవును బట్టి ఆ 3 డిగ్రీలు ఇరుసు దగ్గర 45 మిల్లీమీటర్ల అదనపు ఆఫ్‌సెట్ ఇస్తాయి. మొత్తం 95. లెక్క కడితే ట్రెయిల్ 112. కంటికి ఛాపర్, చేతికి పాత బుల్లెట్.

మూడు మంచివైతే ఐదు ఇంకా మంచివి కదా అనుకోవద్దు. నెక్ 33, టీలో 5 పెడితే పైపులు అదే 38లో నిలుస్తాయి, ట్రెయిల్ మాత్రం 63కి పడిపోతుంది. ఇంకో ప్రమాదం ఉంది. నెక్ కోయడానికి భయపడి, 5 డిగ్రీల టీ ఒకటి తెప్పించి పాత 27 డిగ్రీల నెక్‌కే తగిలించేవాళ్లు ఉన్నారు. సులువుగా పని అయిపోయిందని సంబరం. ఆ బండికి ట్రెయిల్ 35 కూడా మిగలదు. నెక్ కోసి పాడుచేసిన బండి మెల్లగా ఉన్నప్పుడు పడేస్తుంది. ఇది ఎనభై స్పీడులో పడేస్తుంది. రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను రుద్రంపేట బండే ఎక్కుతా.

ఫోనులో అంకెలు వచ్చినాక వాటిని నేల మీద గీయండి. అసలు కొలతలోనే. రంగు దారం కొట్టి నేల గీత, దాని మీద చాక్‌పీసుతో చక్రం, వెనక ఇరుసు, నెక్, ట్యాంకు. పాత ఫోర్కు ఒక రంగు, కొత్త ఫోర్కు ఇంకో రంగు. గీసినాక రెండు విషయాలు కంటికి కొడతాయి. ఒకటి, పైపు పొడవు. వాలిన పైపు కిందికి తక్కువ దిగుతుంది కాబట్టి అదే పైపు వాడితే బండి ముక్కు నేలకు వంగుతుంది. మా బండికి టీ నుంచి ఇరుసు దాకా 750 ఉండేది. నెక్ పాత ఎత్తులోనే ఉండాలంటే 856 కావలసి వచ్చింది, అంటే నాలుగంగుళాల పైచిలుకు. దీనికి తలకిందుల తప్పు కూడా జరుగుతుంది. నెక్ ముట్టకుండా పొడుగు పైపులు మాత్రం వేస్తే ముక్కు పైకి లేచి బండి మొత్తం వెనక్కి వాలుతుంది. 1370 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం) ఉన్న బండిని ముందర 50 లేపితే రేక్ రెండు డిగ్రీలు పెరుగుతుంది, సీటు మీంచి మనిషి వెనక్కి జారతాడు. రెండోది, వీల్‌బేస్ 183 మిల్లీమీటర్లు పెరిగింది. యూ టర్నుకు రోడ్డు వెడల్పు చాలదు. మావాడు గీత చూసి "ధాబా గేటులో తిరగదు కదా మామా" అన్నాడు. కోసినాక తెలిసే సంగతి కోయకముందే తెలిసింది, చాక్‌పీసు ఖరీదు రూపాయి.

కోసే పని. ముందు ఒక జిగ్, అంటే చాసీ కదలకుండా పట్టే చట్రం. 100 మిల్లీమీటర్ల సీ ఛానెల్ మీద చాసీని నిలబెట్టి, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టే చేయి) ఇరుసు దగ్గర, ఇంజను బోల్టుల దగ్గర కదలకుండా బిగించినా. ఇంజను కేసింగ్ ఖాళీది పెట్టి బిగించడం తప్పనిసరి. బుల్లెట్‌లో ఇంజను కూడా చాసీలో భాగమే, అది లేకుండా వెల్డింగ్ చేస్తే తర్వాత బోల్టు రంధ్రాలు కలవవు. నెక్‌లోకి లేత్ మీద తీసిన లావు కడ్డీ ఒకటి దూర్చి, దాన్ని జిగ్‌కు కావలసిన కోణంలో పట్టే స్టాండు చేసినా. వెల్డింగ్‌లో నెక్ ఇంక యాడికీ పోదు.

కొందరు కోయరు. గ్యాస్ కట్టర్‌తో నెక్ కింద పైపును ఎర్రగా కాల్చి జాకీతో తోస్తారు. పైపు లోపలి పక్క ముడతలు పడి బయటి పక్క పలచబడుతుంది. పెయింటు వేసినాక ఎవరికీ కనపడదు. అట్లాంటి చాసీ నా షెడ్డుకు వస్తే వెనక్కి పంపిస్తా.

మేం నెక్ పైభాగాన్ని పెద్ద పైపు దగ్గర కీలు మాదిరి ఉంచి, అక్కడ సన్నని వీ ఆకారంలో కోసి, కిందికొచ్చే డౌన్‌ట్యూబ్‌ను పూర్తిగా కోసినాం. నెక్‌ను 8 డిగ్రీలు తిప్పితే దాని కింది అంచు ముందుకు జరుగుతుంది. మా నెక్ 170 మిల్లీమీటర్లు, కాబట్టి జరిగింది దాదాపు 24. డౌన్‌ట్యూబ్‌లో ఆ మేరకు సందు వస్తుంది. దాన్ని వెల్డింగ్ రాడ్డుతో పూడ్చే మహానుభావులు ఉన్నారు! అట్ల చేయొద్దు. లోపలికి బిగుతుగా పట్టే కడ్డీ ముక్క, రెండు పక్కలా రెండంగుళాలు దూరేలా పెట్టండి. దానికి రెండు పక్కలా పైపుకు చిన్న రంధ్రాలు తీసి రంధ్రంలో నింపి వెల్డ్ చేయండి. తర్వాత చుట్టూ. పైపు సీమ్‌లెస్, అంటే అతుకు లేనిది, ఉండాల. గేట్ల పైపు, జింక్ పూత ఉన్న జీఐ పైపు ఊసే ఎత్తొద్దు. జింక్ పొగ మీ ఊపిరితిత్తుల్లోకి, పగులు మీ నెక్‌లోకి పోతుంది. పాత బుల్లెట్లలో పోత ముక్కల్లోకి పైపులు దూర్చి బ్రేజింగ్ చేసినవి ఉంటాయి. ఆ పోత ముక్కకు మామూలు రాడ్డు అంటించొద్దు, పట్టినట్టే ఉండి పక్కనే చిట్లుతుంది. పైపు దగ్గరే కోయండి.

వెల్డింగ్ నేను ఆర్క్‌తోనే బతికినా. దీనికి మాత్రం టిగ్ వెల్డింగ్ తెలిసిన కుర్రోణ్ని పిలిపించుకున్నా. నాలుగు చోట్ల చుక్కలు పెట్టి, కోణం చూసి, ఒక అంగుళం కుడి పక్క, చల్లారినాక ఒక అంగుళం ఎడమ పక్క. వరసగా ఒకే పక్క కొడితే నెక్ ఆ పక్కకు లాక్కుంటుంది. నెక్ ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగినా కింద ఇరుసు దగ్గరికి వచ్చేసరికి 15 మిల్లీమీటర్లు పోతుంది. అప్పుడు ముందర చక్రం ఒక దారి, వెనక చక్రం ఒక దారి. వెనక టైరుకు రెండు పక్కలా దారం కట్టి ముందర టైరు దాకా లాగి చూడండి. మేలో చేసినాం కాబట్టి షెడ్డులో ఎండకే ఇనుము చేయి పెట్టనిచ్చేది కాదు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదింటికి ఆపేసి ఉగ్గాని, బజ్జీ తిని పడుకునేవాళ్లం.

నెక్‌కు రెండు పక్కలా 4 మిల్లీమీటర్ల సపోర్టు ప్లేట్లు వేసినా. ప్లేటు అంచు పైపుకు అడ్డంగా తెగినట్టు ముగియకూడదు, చేప తోక మాదిరి సన్నగా సాగి ముగియాల. అడ్డంగా ఆగిన చోటే పగులు పుడుతుంది. ట్రాలీ చాసీలు బాగుచేసి బాగుచేసి నేర్చుకున్నది ఇది. అంతా అయినాక వెల్డు మీద డై పెనెట్రెంట్ కొట్టండి. శుభ్రం చేసేది, ఎర్ర రంగు, తెల్ల పొడి, మూడు డబ్బాలు. తెల్లదాని మీద ఎర్ర గీత తేలితే అది పగులు. మాకు ఒక చోట గోరంత తేలింది. గ్రైండ్ చేసి మళ్లీ కొట్టినాం.

టీ, ఫోర్కు పైపులు ఇక్కడ కుదరలేదు. టీ బెంగళూరులో మిషన్ మీద తీయించినాం, పైపులు జేసీ రోడ్డు వైపు తిరిగి హార్డ్ క్రోమ్ పట్టించినవి తెచ్చినాం. పాత పైపు మీద మర పెట్టి ముక్క పొడిగించే పద్ధతి ఉంది, చవక. ఆ మర దగ్గర టీ పట్టు తక్కువైతే బ్రేకు కొట్టినప్పుడు వంగుతుంది. ఒకటే ముక్క పైపు తీసుకోండి. ఇంకో మాట, 35 మిల్లీమీటర్ల పైపు నాలుగంగుళాలు పొడిగించడం వరకు ఓర్చుకుంటుంది. అడుగు పొడుగు కావాలంటే లావు పైపు, దానికి కొత్త టీ, ఫోర్కుకు కొత్త కింది గొట్టాలు, మొత్తం వేరే కథ.

చివర్లో అందరూ తప్పేది కేబుళ్ల దగ్గర. ఫోర్కు దూరం పోయింది, హ్యాండిల్ ఎత్తు మారింది, పాత కేబుల్ చాలదు. తగిలించేస్తే తగులుతుంది. హ్యాండిల్ ఎడమకు పూర్తిగా తిప్పినప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ లాక్కుని ఇంజను అదే రేస్ అవుతుంది. యూ టర్నులో ఇట్ల జరిగితే బండి మనిషిని తీసుకుని కాలవలోకి పోతుంది. ఇంజను స్టార్టు చేసి, న్యూట్రల్‌లో హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పండి, ఇంజను మోత మారకూడదు. బ్రేక్ పైపు కూడా అంతే చూడండి. హ్యాండిల్ ఆగే బుడిపెలు కొత్తగా వెల్డ్ చేయండి, లేకపోతే ఫోర్కు ట్యాంకుకు సొట్ట పెడుతుంది.

నడపడం మా చేను పక్క మట్టి బాటలో. ముందు ఇంజను ఆపి తోసినా. హ్యాండిల్ వదిలితే తల మెల్లగా పక్కకు పోయింది గానీ దబ్బున పడలేదు. తర్వాత మొదటి గేరులో ఎనిమిది ఆకారం. తర్వాత రెండో గేరు, ఒక చేయి వదిలి. మావాడు కూడా ఎక్కినాడు, చూపుకి అన్న మనిషే. రెండు రోజుల తర్వాత హ్యాండిల్ దగ్గర టకటకమని శబ్దం మొదలైంది. వెల్డు పోయిందేమోనని గుండె జారింది. చూస్తే కోన్ సెట్ (నెక్‌లో హ్యాండిల్ తిరిగే బేరింగు) కప్పులు లోపలికి సర్దుకుని వదులయినాయి. కొత్త కప్పులు కొట్టినాక అట్లే అవుతాయి, ఒకసారి తిరిగినాక పై నట్టు మళ్లీ బిగించాల. ముందర చక్రం నేలకు తగలకుండా లేపి, ఫోర్కు కింది కొస పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపితే ఆట ఉండకూడదు, వదిలితే మాత్రం తల దాని బరువుకు అదే తిరగాల.